చిన్న తెరచాప పడవ మాస్ట్ విరిగితే ఏ జిగురు వాడాలి?

తెరచాపను నిలబెట్టే నిలువు స్తంభమే మాస్ట్. గాలి బలమంతా దాని మీదుగానే పడవకు చేరుతుంది. అందుకే మాస్ట్ పగిలినా, పాత అతుకు ఊడినా, ఇంట్లో ఏ జిగురు ఉందో వెతకడంతో పని మొదలుపెట్టకూడదు. మాస్ట్‌ను దేనితో చేశారు, దెబ్బ ఎలాంటిది, ఎండలో అది ఎంత వేడెక్కుతుంది అన్న మూడు విషయాలు ముందు తేల్చుకోండి. అవి తేలితే ఏ జిగురు కొనాలో పెద్దగా ఆలోచించాల్సిన పని ఉండదు.

ఇక్కడ ఎక్కువగా చెక్క మాస్ట్ గురించే చెబుతాను. సరిగ్గా అతికిస్తే దాదాపు పాత బలం తిరిగి వచ్చేది చెక్కకే. హుస్సేన్ సాగర్‌లో కనిపించే ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి పడవలకు అల్యూమినియం మాస్టులు ఉంటాయి కాబట్టి వాటి గురించి కూడా తర్వాత చెబుతాను.

1. దెబ్బ ఎలాంటిదో చూడండి

మాస్ట్ దించి, తాళ్లు, ఫిట్టింగులు అన్నీ విప్పి, మంచి వెలుతురులో రెండు స్టూళ్ల మీద పడుకోబెట్టండి. దెబ్బ తగిలిన చోటు నుంచి అటూ ఇటూ అర మీటరు దాకా వార్నిష్ గీకేయండి. పైకి కనిపించే పగులు ఒక జానెడే ఉన్నా, వార్నిష్ కింద అది ఇంకా చాలా దూరం పోయి ఉండవచ్చు.

చెక్క నార వెంట పొడవుగా చీలిందా, లేక పాత అతుకు గీత విచ్చుకుందా? అయితే అదృష్టం బాగున్నట్టే. లోపల శుభ్రం చేసి, జిగురు పట్టించి, బిగిస్తే సరిపోతుంది. నారకు అడ్డంగా విరిగితే మాత్రం రెండు ముక్కలనూ ఉన్నవి ఉన్నట్టు కలిపి అతికించి లాభం లేదు. విరిగిన చోటు కోసేసి, రెండు కొసలనూ పొడవుగా వాలు చెక్కి కలపాలి.

మూడో రకం దెబ్బ చాలామంది కంట పడదు. మాస్ట్ అతిగా వంగినప్పుడు వంపు లోపలి వైపు నార నలిగిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే టార్చిలైటును చెక్కకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు వేయండి. వెంట్రుకంత సన్నగా, అడ్డంగా, కాస్త వంకరగా ఒక ముడత కనిపించవచ్చు. దాని మీదుగా గోరు పోనిస్తే చిన్న మెట్టు తగులుతుంది. అక్కడ నార తెగి ఉంది, కానీ పగులు తెరుచుకుని లేదు కాబట్టి జిగురు లోపలికి వెళ్లే దారి లేదు. పైన ఎంత పూసినా ఉపయోగం ఉండదు. ఆ ముక్క కోసి తీసేసి కొత్త చెక్క వేయాల్సిందే. ఈ ముడత ఉన్న మాస్ట్ ఏ ముందస్తు సూచనా లేకుండా ఒక్క గాలి దెబ్బకు రెండవుతుంది. అందుకే ఈ పరీక్ష ఎప్పుడూ మానకండి.

పుచ్చిన చెక్క సంగతీ అంతే. మాస్ట్ అడుగు భాగంలో, ఫిట్టింగుల స్క్రూల చుట్టూ సన్నని పదునైన ఊచతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే, గట్టి చెక్క తగిలేదాకా తొలగించాలి.

ఇంకో సంగతి. ఒకే దుంగ నుంచి చెక్కిన గట్టి మాస్టులకు నార వెంట ఎండు నెర్రెలు రావడం సహజం. వాటిని ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురుతో) నింపకండి. వానాకాలంలో చెక్క ఉబ్బి నెర్రె మూసుకోవాలని చూస్తుంది. మధ్యలో గట్టి ఎపాక్సీ అడ్డుపడితే పక్క చెక్క చీలుతుంది.

2. పాత జిగురు ఏదో గుర్తించండి

బోలు మాస్టులను నాలుగు పలకలతోనో, ఎనిమిది పట్టీలతోనో అతికించి చేస్తారు. ఒక అతుకు ఊడిందంటే మిగతావి ఎలా ఉన్నాయో చూడాలి. ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు గీత కనిపిస్తే అది రిసార్సినాల్. నీటికీ ఎండకూ చెదరని జిగురు అది, మిగతా అతుకులు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. గీత లేత రంగులో ఉండి, గీకితే గాజులా పెళుసుగా రాలిపోతే యూరియా ఫార్మాల్డిహైడ్ అయి ఉంటుంది. వేడి, తేమ కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తే అది బలం కోల్పోతుంది. ఇంకా పాత పడవల్లో పాల విరుగుడు నుంచి తీసిన కేసిన్ జిగురు ఉండవచ్చు. తేమ తగిలితే దానికి బూజు పడుతుంది. ఈ రెండిట్లో ఏది ఉన్నా, సన్నని చాకు మొనతో ప్రతి అతుకూ కొస నుంచి కొస దాకా తడిమి చూడండి. మొన దిగిన ప్రతిచోటా తెరిచి మళ్లీ అతికించాలి.

పాత చెక్క జిగుర్ల గురించి చెప్పాలంటే మన దేశంతో ముడిపడిన ఒక సంగతి ఉంది. 1944 చివర్లో ఈ ప్రాంతంలో పనిచేస్తున్న మాస్కిటో యుద్ధ విమానాలు కొన్ని కూలిపోయాయి. వాటిని చెక్కతో, జిగురుతో చేశారు. ఎండకూ వానకూ జిగురు చెడిపోయిందని మొదట అనుమానించారు. తర్వాత జరిగిన విచారణల్లో, తయారీలోనే లోపాలున్నాయని తేలింది. జిగురు మారిస్తే చాలు, అంతా సర్దుకుంటుంది అనుకునేవాళ్లందరికీ నేను ఈ సంగతి చెబుతాను. రెండు చెక్కలు సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైన జిగురైనా ఏమీ చేయలేదు.

పాత జిగురు మీద కొత్తది అంటదు. అది ఏ రకమైనా సరే, తాజా చెక్క కనిపించేదాకా గీకి తీసేయండి.

3. జిగురు ఎంచుకోండి

చెక్క మాస్ట్‌కు నా సలహా దాదాపు ప్రతిసారీ ఒకటే: నెమ్మదిగా ముదిరే, రెండు భాగాల ఎపాక్సీ. కారణాలు మూడు. చిన్న చిన్న ఖాళీలను నింపి కూడా బలం నిలుపుకుంటుంది. గట్టిగా బిగించాల్సిన పని లేదు, రెండు ముఖాలూ ఆనుకుంటే చాలు. ముదిరేటప్పుడు కుంచించుకుపోయేది చాలా తక్కువ. ఇంట్లో, వరండాలో పనిచేసేవాళ్ల చేతికి ఇంతగా సహకరించే జిగురు మరొకటి లేదు.

పడవల కోసమే తయారుచేసే వెస్ట్ సిస్టమ్ లాంటివి దొరికితే మంచిదే. అందులో ప్రధాన జిగురైన 105 రెజిన్‌కు దాన్ని గట్టిపరిచే 205 లేదా 206 హార్డెనర్‌ను ఘనపరిమాణంలో 5కు 1 చొప్పున కలుపుతారు. మన దగ్గర ఫైబర్ పనివాళ్లు వాడే ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జతను సాధారణంగా 100 గ్రాములకు 10 గ్రాముల చొప్పున తూకం వేసి కలుపుతారు. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా మరిచిపోకండి. ఒకటి కొలత, ఇంకోటి తూకం. గట్టిపడాలని హార్డెనర్ ఇంకొంచెం వేస్తే, మిగిలిపోయిన హార్డెనర్ లోపలే ఉండి అతుకును బలహీనం చేస్తుంది. త్వరగా కావాలంటే వేరే హార్డెనర్ కొనాలి తప్ప పాళ్లు మార్చకూడదు. డబ్బా మీద రాసిన పాళ్లే పాటించండి, తూకం అయితే ఒక గ్రాము తేడా కూడా చూపించే చిన్న డిజిటల్ త్రాసు వాడండి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే అరల్డైట్ స్టాండర్డ్ కూడా ఎపాక్సీయే. చిక్కగా ఉంటుంది కాబట్టి చిన్న చీలికలకు, లోహపు గొట్టం లోపల బలం కోసం దూర్చే చిన్న గొట్టాన్ని (స్లీవ్) అతికించడానికి బాగుంటుంది. పొడవైన వాలు అతుకులో చెక్క పీల్చుకోవాలంటే పలచగా ఉన్న రెజిన్ నయం. అయిదు నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీని మాత్రం మాస్ట్ దరిదాపులకు రానివ్వకండి. నీటికీ వేడికీ తట్టుకోవడంలో అది నెమ్మది రకానికి సాటి రాదు. పైగా పొడవైన అతుకుకు పూసేలోపే చేతిలో గట్టిపడిపోతుంది.

రిసార్సినాల్ గొప్ప జిగురు. మరిగే నీళ్లలో వేసినా వదలదు, ఎండకు మెత్తబడదు. చల్లటి దేశాల్లో దానికి 21 డిగ్రీల పైన వేడి అందించడం కష్టం, మనకు ఆ ఇబ్బంది లేదు. కానీ ముఖాలు కాగితం కూడా దూరనంత సరిగ్గా కూర్చోవాలి, క్లాంపులతో చాలా గట్టిగా బిగించాలి. ఖాళీ ఉంటే అక్కడ బలం సున్నా. చేయి తిరిగిన వడ్రంగి, డజనుకు పైగా క్లాంపులు, గాలి వెలుతురు ఆడే షెడ్డు ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

తెల్ల జిగురు గురించి చాలామంది అడుగుతారు. ఫెవికాల్ మెరైన్ లాంటివి నీటికి తట్టుకుంటాయి కదా, చాలదా అని. ఫర్నిచర్‌కు చాలు, మాస్ట్‌కు చాలదు. ఈ జాతి జిగుర్లు ఎడతెగని బరువు కింద, అందునా వేడిలో, మెల్లమెల్లగా సాగిపోతాయి. మాస్ట్ పడిపోకుండా పట్టి ఉంచే పక్క తాళ్ల బిగువు దాని మీద రోజంతా ఉంటుంది. అతుకు ఊడకపోవచ్చు, కానీ జారుతుంది, మాస్ట్ వంకరపోతుంది.

నురగలా పొంగే పాలీయురేథేన్ జిగురు ఖాళీలను నింపినట్టు కనిపిస్తుంది కానీ ఆ నురగకు బలం లేదు. సికాఫ్లెక్స్ 291 లాంటివి సీలెంట్లు. ఫిట్టింగుల కింద నీరు దూరకుండా వాడాలి, విరిగిన చెక్కను కలపడానికి కాదు. ఫెవిక్విక్, ఎం‌సీల్ ఈ పనికి సంబంధించినవే కావు.

4. మన ఎండ సంగతి

ఎపాక్సీకి ఒక బలహీనత ఉంది. గది వేడిలో ముదిరే రకాలు చాలావరకు 50 నుంచి 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గాలి వేడి 40 డిగ్రీలు దాటిన రోజున, ముదురు రంగు వేసిన మాస్ట్ ఉపరితలం సులువుగా 60 డిగ్రీలు దాటుతుంది. తాళ్లు బిగించి అలాగే ఎండలో వదిలేస్తే అతుకు సాగే ప్రమాదం ఉంది.

దీనికి మూడు జాగ్రత్తలు తీసుకోండి. అతుకు మీద తెల్ల పెయింట్ వేయండి. చెక్క అందం కనబడాలని వార్నిష్ కోరుకునేవాళ్లు కూడా అతుకు ఉన్న మీటరు పొడవునా తెల్ల రంగు వేయించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. పడవ వాడని రోజుల్లో తాళ్లు వదులు చేయండి. మూడోది, ఎండనే మీ పనికి వాడుకోండి. అతికించి ఒకటి రెండు రోజులయ్యాక, మాస్ట్‌ను తిన్నగా, ఏ బరువూ లేకుండా, దగ్గర దగ్గరగా ఆనింపులు పెట్టి పడుకోబెట్టి, మీద నల్ల గుడ్డ కప్పి ఒక పగలంతా ఎండలో ఉంచండి. అలా వేడిలో ముదిరిన ఎపాక్సీ తర్వాత ఇంకా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది.

5. వాలు అతుకు చెక్కండి

జిగురు బలం అది పరుచుకున్న వైశాల్యంలో ఉంది. 60 మిల్లీమీటర్ల మందం, 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చెక్కను నిలువుగా కోసి కొసకు కొస కలిపితే జిగురుకు దొరికేది 24 చదరపు సెంటీమీటర్లు. పైగా కొస నార జిగురును పీల్చేసుకుని అతుకును పొడిగా వదిలేస్తుంది. అదే చెక్కను 12కు 1 వాలులో చెక్కితే అతుకు పొడవు 720 మిల్లీమీటర్లు, వైశాల్యం దాదాపు 289 చదరపు సెంటీమీటర్లు. బరువు నార వెంట జారుడుగా పడుతుంది, ఎపాక్సీ బాగా మోసేది అలాంటి బరువునే. పడవ బాడీ పలకలకు 8కి 1 సరిపోతుంది కానీ మాస్ట్‌కు 12కు 1 కంటే తగ్గకండి.

కొత్త ముక్కకు పాత చెక్క జాతిదే, లేదా అంతే బరువు, అంతే సాగుడు ఉన్నది తీసుకోండి. సిట్కా స్ప్రూస్ అనే తేలికైన చెక్కతో చేసిన మాస్ట్‌కు టేకు ముక్క అతికిస్తే అక్కడ బరువూ బిగువూ పెరిగి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. చెక్కలో తేమ 12 శాతం లోపు ఉండాలి. వానాకాలంలో బయట ఉంచిన చెక్క అయితే ముందు కొన్ని వారాలు ఇంట్లో ఆరబెట్టి, తేమ మీటరుతో చూసుకోండి.

రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి మెట్లుగా పెట్టి బిగించి, చిత్రిక పట్టి రెండు వాలులనూ ఒకేసారి తీస్తే కోణాలు సరిపోతాయి. చివర్లో ఒక ముఖానికి సుద్ద రాసి రెండోదానిపై ఆనించండి. సుద్ద ఎక్కడ అంటిందో అక్కడ ఎత్తు ఉంది, దాన్ని తీయండి. పూర్తిగా నున్నగా చేయకండి, 80 నంబర్ శాండ్ పేపర్‌తో ఒకసారి రుద్ది గరుకుగా వదిలేయండి.

బోలు మాస్ట్ లోపల గట్టి చెక్క దిమ్మ పెట్టి బలపరచాలనుకుంటే, దాని రెండు కొసలనూ చేప తోకలా చీల్చి పలచగా ముగించండి. దిమ్మ ఒక్కసారిగా ఆగిపోయిన చోట మాస్ట్ విరుగుతుంది.

6. ముందు ఒక ముక్క విరిచి చూడండి

మాస్ట్ మీద చేయి వేసే ముందు, అదే చెక్క తునకలను అదే జిగురుతో అతికించండి. వారం తర్వాత వైస్‌లో బిగించి సుత్తితో కొట్టి విరవండి. విరిగిన ముఖాలు రెండిటి మీదా చెక్క నార పీచులు పీచులుగా అంటుకుని కనిపించాలి, అంటే జిగురు కాదు, చెక్క ఓడిందన్నమాట. ఒక ముఖం నున్నగా, మెరుస్తూ కనిపిస్తే పాళ్లు తప్పి ఉండాలి, లేదా చెక్క తడిగానో జిడ్డుగానో ఉండాలి. ఆ కారణం తేలేదాకా అసలు పని మొదలుపెట్టకండి. టేకు లాంటి నూనె చెక్క అయితే శాండ్ పేపర్ పట్టి, అతికించే ముందు అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు పూయండి.

7. అతికించే రోజు

వేసవిలో అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ దాదాపు రెండింతల వేగంతో ముదురుతుంది. 22 డిగ్రీల్లో గిన్నెలో 20 నిమిషాలు పనికొచ్చే మిశ్రమం 35 డిగ్రీల్లో పది నిమిషాలు కూడా ఆగదు. ఒకేసారి ఎక్కువ కలపకండి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచండి. లోతైన గ్లాసులో వదిలేస్తే తన వేడికి తానే పొగలు కక్కి గట్టిపడుతుంది.

నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ వస్తుంది, ఒకసారి వచ్చాక ఆ మనిషి జీవితాంతం ఎపాక్సీ పని చేయలేకపోవచ్చు. చేతికి అంటితే సబ్బుతో కడగండి. అసిటోన్‌తో చేతులు తుడిస్తే అది జిగురును చర్మం లోపలికి పంపుతుంది.

జిగురు ఏమీ పెట్టకుండా ఒకసారి అంతా బిగించి చూసుకోండి. వాలు ముఖాలు జిగురు తడికి ఒకదాని మీద ఒకటి జారతాయి, అందుకే ఆ సమయంలోనే అతుకు రెండు కొసల దగ్గరా సన్నని మేకులు కొట్టుకుని చోటు ఖాయం చేసుకోండి. తర్వాత రెండు నిమిషాల పాటు, గిన్నె అంచులు, అడుగు గీకుతూ రెజిన్, హార్డెనర్ కలపండి. మొదట ఏ పొడీ కలపని పలచటి ఎపాక్సీని రెండు ముఖాలకూ బ్రష్‌తో పట్టించండి. కొస నార కనిపించే చోట అది ఇంకిపోతూ ఉంటుంది, మెరుపు నిలిచేదాకా మళ్లీ మళ్లీ పూయండి. అప్పుడు మిగిలిన దాంట్లో జిగురును చిక్కబరిచే కొల్లాయిడల్ సిలికా పొడి కలిపి, ఇడ్లీ పిండి జారుగా వచ్చాక ఒక ముఖానికి పరచండి. శాండింగ్‌కు సులువుగా ఉండే తేలికపాటి మైక్రోబెలూన్ పొడి ఇక్కడ వద్దు, దానికి బలం ఉండదు.

అతుకు చుట్టూ పాలిథిన్ కాగితం చుట్టి, దాని మీద పొడవుగా కోసిన సైకిల్ ట్యూబ్ పట్టీలను లాగి లాగి చుట్టండి. గుండ్రటి మాస్ట్‌కు ఇంతకంటే సమానంగా ఒత్తే క్లాంపు లేదు. అంచుల పొడవునా జిగురు సన్నగా బయటికి వస్తే చాలు. ఇంకా బిగిస్తే లోపల ఉండాల్సిన జిగురంతా బయటికి వచ్చేస్తుంది. ఒక కొస నుంచి కన్ను పెట్టి మాస్ట్ తిన్నగా ఉందో లేదో చూడండి, దారం లాగి కూడా చూడండి. గట్టిపడ్డాక వంకర తీయలేరు.

ఒక రోజంతా కదపకండి. విప్పాక పైన మైనంలా జిడ్డు పొర కనిపించవచ్చు, తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో వచ్చే అవకాశం ఎక్కువ. ముందు మామూలు నీళ్లతో, గరుకు స్క్రబ్బర్‌తో కడగండి, ఆ తర్వాతే శాండ్ పేపర్. తెరచాప ఎక్కించడానికి కనీసం వారం ఆగండి.

8. అల్యూమినియం అయితే

మొదట వెల్డింగ్ ఆలోచన మానుకోండి. మాస్టులకు వాడే 6061, 6063 రకాల అల్యూమినియం వేడిచేసి బలపరిచినది. వెల్డింగ్ వేడికి అతుకు పక్క లోహం మెత్తబడి బలంలో పెద్ద భాగం పోతుంది. లోపల బిగుతుగా పట్టే స్లీవ్ పెట్టి, ఎపాక్సీతో అతికించి, రివెట్లు కొట్టడమే చిన్న పడవలకు మంచి దారి. విరుపుకు రెండు పక్కలా గొట్టం వ్యాసానికి కనీసం మూడు రెట్ల పొడవు స్లీవ్ వెళ్లాలన్నది నేను పాటించే కొలత. చెక్క దిమ్మకు చెప్పినట్టే స్లీవ్ కొసలనూ వాలుగా కోయండి.

అల్యూమినియానికి జిగురు అంటకపోవడానికి కారణం దాని మీది ఆక్సైడ్ పొర. గీకి తీసిన వెంటనే మళ్లీ ఏర్పడటం మొదలవుతుంది. అందుకే అసిటోన్‌తో జిడ్డు తుడిచి, 80 నంబర్ పేపర్‌తో రుద్ది, తర్వాత పలచటి ఎపాక్సీ పూసి, ఆ తడి మీదనే మళ్లీ రుద్దండి. గాలి తగలకుండానే తాజా లోహానికి జిగురు అంటుతుంది. అంచు నుంచి ఒలిచే బలానికి ఎపాక్సీ తట్టుకోలేదు, రివెట్లు ఆ పని చూసుకుంటాయి. స్టెయిన్‌లెస్ స్క్రూలు, రివెట్లు వాడితే డ్యూరాలాక్ లాంటి పేస్టు పూయండి. లేకపోతే తేమలో రెండు లోహాలూ కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. కార్బన్ ఫైబర్ స్లీవ్ వాడితే ఈ సమస్య ఇంకా ఎక్కువ, మధ్యలో ఒక పొర గ్లాస్ ఫైబర్ గుడ్డ వేయాలి.

పందేలకు దించే పడవ అయితే, మాస్ట్ మరమ్మతు గురించి ఆ క్లాస్ (ఒకే రకం పడవల పోటీ తరగతి) నిబంధనలు ఏం చెబుతున్నాయో ముందే చదవండి. కొన్ని క్లాసుల్లో స్లీవ్ వేసిన మాస్ట్‌తో పోటీకి ఒప్పుకోరు.

కార్బన్ మాస్ట్‌కు ఎపాక్సీ తప్ప ఇంకేదీ వద్దు. మార్కెట్లో చవగ్గా దొరికే పాలిస్టర్ రెజిన్ ముదిరిన ఎపాక్సీకి సరిగ్గా అంటదు. చిన్న గీతలు, అంచు దెబ్బలు ఇంట్లో సరిచేసుకోవచ్చు. గొట్టం పగిలి ఉంటే మాత్రం కార్బన్ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

9. పైపూత, ఫిట్టింగులు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీని సుద్దలా చేసేస్తాయి. పెయింట్ వేస్తే సరే. వార్నిష్ అయితే ఆ కిరణాలను ఆపే రకం తీసుకుని అయిదారు పూతలు వేయండి, ఏటా వానలు ముగిశాక ఒక పూత కొత్తగా వేయండి.

స్క్రూ రంధ్రాలే నీరు దూరే దారులు. పాత రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, సిలికా కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో కొత్త రంధ్రం వేయండి. ఫిట్టింగ్ కింద సీలెంట్ పూసి బిగించండి, అక్కడ ఎపాక్సీ పూస్తే మళ్లీ విప్పలేరు.

చివరగా, అతుకు రెండు అంచుల మీదుగా పెన్సిల్‌తో అడ్డంగా సన్నని గీతలు గీసి, పైన పారదర్శక వార్నిష్ వేయండి. మొదటి కొన్ని వారాలు తేలిక గాలిలోనే నడపండి, ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ ఆ గీతలు చూడండి. అంచు దగ్గర గీత రెండుగా జరిగితే అతుకు సాగుతోందని అర్థం. ఆ రోజే తాళ్లు వదులు చేసి మాస్ట్ దించేయండి.